నూట పద్నాలుగో లైను

"నాలుగింటికి అమ్మాయిని తీసుకెళ్తాను మేడమ్. ఆ తర్వాత మీరేం అడగాలన్నా కటకటాల బయట నిలబడి అడగాల్సిందే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గడియారం చూసుకున్నాను. రెండూ పది. నాకు మిగిలింది నూట పది నిమిషాలు.

ఇతనికి పంచనామా రాయడం నేర్పింది నేనే. మొట్టమొదటి పంచనామాలో చనిపోయినవాడి పేరు రాయాల్సిన చోట తన పేరు రాసుకొచ్చిన ఘనుడు. ఇప్పుడు సైబర్ విభాగంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నప్పటి నుంచి గురువుకే పంగనామాలు పెట్టడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పితో రెండంతస్తులు ఎక్కి వస్తే కూర్చోమని కూడా అనకుండా టైము చెబుతున్నాడు.

చనిపోయినాయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. ఒకప్పుడు పిల్లలకి లెక్కలు చెప్పేవారట. ఇరవై ఏళ్ళుగా ఒక ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో పనిచేస్తున్నారు. ఆ భాషవాళ్ళ కోసం ఒక లైబ్రరీ రాసి, దాన్ని కంటికి రెప్పలా చూసుకోవడమే ఆయన పని. లైబ్రరీ అనగానే నేను పుస్తకాల బీరువాల కోసం వెతికాను. అది కాదట. ఒకరు శ్రద్ధగా రాసిపెట్టిన కోడ్ మూట. కావలసినవాళ్ళు మొదట్నుంచీ రాసుకునే శ్రమ లేకుండా ఆ మూటనే తెచ్చి తమ పనిలో కలుపుకుంటారు. మాస్టారి మూట రోగి బరువూ, నాడీ, రక్తపోటూ తీసుకుని మందు ఎంత వేగంతో ఎక్కాలో లెక్కగడుతుంది. పెద్దాసుపత్రిలో మంచాల పక్కనుండే మందు యంత్రాలన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆయన మేనకోడలు, ఆయన పనిచేసుకునే ఈ గది తలుపు తీసింది. మాస్టారు కిటికీ కింద బోర్లా పడి ఉన్నారు. కాలుజారి పడ్డప్పుడు కిటికీ గట్టు తగిలిందేమో అనుకున్నారు ముందు. డాక్టరు తల వెనక గాయం చూసి, ఇది పడితే తగిలే దెబ్బ కాదు, కొడితే తగిలే దెబ్బ అన్నాడు. ప్రాణం పదింటికీ ఒంటిగంటకీ మధ్య ఎప్పుడైనా పోయి ఉండొచ్చట. గదిలో ఏసీ గట్టిగా నడుస్తుండటంతో అంతకంటే కచ్చితంగా చెప్పలేనన్నాడు.

నన్ను పిలిచింది ఆ అమ్మాయి తల్లి, మాస్టారికి తోడబుట్టిన చెల్లెలు. అన్న పోయాడని వినగానే నిన్న మధ్యాహ్నమే ఆమె కుప్పకూలిపోయింది. ఇప్పుడు అదే పెద్దాసుపత్రిలో, మాస్టారి లెక్క నడిపే యంత్రం ఒకటి ఆమె నరంలోకి చుక్కచుక్కగా మందు ఎక్కిస్తోంది. అయిదు నిమిషాలు ఆ మందు ఆగినా గుండె నిలబడదని డాక్టర్లు చెప్పారు. ఈ పొద్దున మంచం మీద నుంచే నాకు ఫోన్ చేసింది. "అన్నయ్య ఎటూ పోయాడమ్మా. పిల్లనైనా నాకు మిగల్చు" అంది. ఇక ఆవిణ్ణి వేరే ప్రశ్నలేవీ అడగలేదు.

"లెక్క చాలా తేలిక మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. "వాచ్‌మన్ పుస్తకం చూశాను. మెట్ల దగ్గర కెమెరా చూశాను. నిన్న ఈ గదికి ఇద్దరే వచ్చారు. పదిన్నరకి మాస్టారి సహచరుడొచ్చి పదకొండూ అయిదుకి వెళ్ళిపోయాడు. పన్నెండున్నరకి మేనకోడలొచ్చింది. మధ్యలో ఈగ కూడా వాలలేదు."

"ఇద్దరున్నప్పుడు ఒకరి మీదే ఎందుకు పడ్డావు?"

"పన్నెండూ ఇరవైకి ఈ కంప్యూటర్ నుంచి కొత్త రిలీజ్ వెళ్ళింది. అంటే మాస్టారు తన మూటలో మార్పులు చేసి లోకానికి పంపారు. బయటినుంచి వేరేవాళ్ళు దీంట్లోకి రాలేరు, ఆయన అలా కట్టుదిట్టం చేసుకున్నారు. చచ్చినవాడు రిలీజ్ పంపడు కదా? కాబట్టి పన్నెండూ ఇరవై దాకా మనిషి బతికున్నాడు. సహచరుడు అప్పటికి ఎక్కడో మీటింగులో పదిమంది మధ్య కూర్చున్నాడు. ఇక మిగిలిందెవరు? మాస్టారి తర్వాత ఈ లైబ్రరీ పెత్తనం కూడా ఆ అమ్మాయిదే."

నిజం చెప్పాలంటే లెక్క బాగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్ళ అనుభవంలో మరీ ఇంత చక్కగా కుదిరిన లెక్కల్లో చాలావరకు ఎవరో కూర్చుని కుదిర్చినవే.

గది చూడటం మొదలుపెట్టాను. మాస్టారికీ శుభ్రానికీ ఆమడ దూరం. బల్ల మీద కాగితాల గుట్టలు, మూతల్లేని పెన్నులు, ఒక కాడ విరిగిన కళ్ళజోడు, అడుగున మరకలు కట్టిన మూడు కప్పులు. కుర్చీ వీపున తువ్వాలు. కప్పులన్నీ ఎక్కడ తాగితే అక్కడే వదిలేశారు. ఆ చెత్త మధ్యలో కీబోర్డు మాత్రం బల్ల అంచుకి సమంగా, గీత గీసినట్టు కూర్చుని ఉంది.

"దీన్ని మీవాళ్ళెవరైనా కదిపారా?"

"లేదు. కంప్యూటర్ కాపీ తీశాడంతే మా టెక్నీషియన్. తీగలు తప్ప ఏమీ ముట్టుకోలేదు."

తెర పైఅంచున చిన్న పసుపు చీటీ అతికించి ఉంది. పాతదై మూలలు ముడుచుకుపోయాయి. దాని మీద వణికే అక్షరాలతో, 'ఒకటి ఉండనీ' అని రాసి ఉంది.

"ఇదేంటి?"

"ఏదో వేదాంతం. పెద్దవాళ్ళు రాసుకుంటారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సహచరుడు ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. నలభై దాటలేదు. చొక్కా మీద ఒక్క ముడత లేదు. అతని కోడ్ కూడా అలాగే ఉంటుందని మాస్టారు 'ఇస్త్రీ' అని పేరు పెట్టారట. ఆ పేరుతో పిలిస్తే సంతోషంగానే పలుకుతాడని విన్నాను.

చేతిలో ఉన్న ఫైలు బల్ల మీద వంకరగా పడేసి ఎదురుగా కూర్చున్నాను.

"నిన్న ఎన్నింటికొచ్చారు?"

"పదిన్నరకండీ. పదకొండూ అయిదుకి వెళ్ళిపోయాను. పదకొండున్నర నుంచి రెండింటిదాకా మీటింగు. ఎవరెవరున్నారో పేర్లు కూడా రాసిచ్చాను."

"అడగకుండానే?"

"ఎలాగూ అడుగుతారని."

"మాస్టారితో గొడవలేమైనా ఉన్నాయా?"

"ఆయనతో గొడవేంటండీ? పదేళ్ళుగా ఆయన చేతికింద పనిచేస్తున్నాను. ఆ ఇంట్లో మనిషిలాంటివాణ్ణి. వాళ్ళ చెల్లెలుగారు నన్ను అబ్బాయీ అనే పిలుస్తారు."

"నేనడిగింది గొడవ గురించి. చుట్టరికం గురించి కాదు."

"చిన్న చిన్న తేడాలు ఎవరికుండవు చెప్పండి," అని నవ్వాడు. నవ్వుతుండగానే అతని చెయ్యి నా ఫైలు మీదికొచ్చింది. దాని అంచు బల్ల అంచుకి సరిగ్గా కలిసేదాకా జరిపి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. తను ఆ పని చేసినట్టు తనకే తెలియలేదనుకుంటాను. నేను మాత్రం చూశాను.

"మీరున్న ముప్పై అయిదు నిమిషాల్లో ఆ కంప్యూటర్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదండీ."

"మాస్టారు కూడానా?"

"ఎదురుగా మనిషుంటే ఆయన తెర వైపే చూడరండీ. అది ఆయన పద్ధతి. నేనున్నంతసేపూ కబుర్లే. నేను వెళ్ళాక పనిలో కూర్చుని ఉంటారు. పన్నెండూ ఇరవైకి రిలీజ్ వెళ్ళింది కదా మరి."

"మీరు ముట్టుకోలేదా?"

"నేనా? ఆ కీబోర్డు మీద వేరేవాళ్ళ చెయ్యి పడితే ఆయన ఊరుకోరు."

"ఇప్పుడు చెప్పిందంతా కాగితం మీద రాసి సంతకం పెడతారా?"

ఒక్క క్షణం నాకేసి చూశాడు. తర్వాత తన పెన్నుతోనే రాశాడు. అచ్చుగుద్దినట్టున్నాయి అక్షరాలు. సంతకం కింద ఒక గీత గీసి, కింద టైము కూడా వేశాడు. మూడూ అయిదు.

అతని ఫోన్ అప్పటికి మూడుసార్లు గుర్రుమంది. ఈసారి తీసి విన్నాడు. "ఆఁ, చెప్పండి సిస్టర్... ఎన్నో నంబరు మంచం?... ఎవరూ ఏమీ ముట్టుకోకండి, నేనొస్తున్నాను." లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "ఆసుపత్రి నుంచండీ. యంత్రం ఏదో నెమ్మదించిందట. వాటికేమొచ్చినా పిలిచేది నన్నే."

"ఇంకా అయిపోలేదు. కూర్చోండి."

"వెళ్ళనివ్వండి మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి. "రోగుల సంగతి. పైగా మీకు ఎవర్నీ ఆపే అధికారం లేదు."

ఇస్త్రీ ఇద్దరికీ నమస్కారం పెట్టి, వెళ్తూ వెళ్తూ తను కూర్చున్న కుర్చీని బల్ల కిందికి తోసి మరీ వెళ్ళాడు. మెట్ల మీద అతని అడుగులు చకచకా దిగిపోయాయి. నాకు ఒళ్ళు మండింది.

"అతన్నెందుకు వదిలావు?"

"మీటింగులో ఉన్న మనిషిని పట్టుకుని ఏం చేస్తాం మేడమ్? అతని మీద అనుమానం పోలీసులకే లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద ఎవరో, కత్తిపీట ఎవరో కాసేపట్లో తెలుస్తుంది. ఆ అమ్మాయిని లోపలికి పిలిపించు."

మేనకోడలు లోపలికొచ్చింది. పాతికేళ్ళుంటాయి. నిన్నటి బట్టలే వేసుకుని ఉంది, మోకాలి దగ్గర మాస్టారి రక్తం ఎండిపోయి ఉంది. పక్కన లేడీ కానిస్టేబుల్.

"ఆంటీ, అమ్మకెలా ఉంది?"

"బాగానే మాట్లాడింది పొద్దున. నన్ను ఆంటీ అనకు. ఆంటీ అన్న ప్రతివాళ్ళూ నాతో అబద్ధం చెప్పారు, నా అనుభవం." పిల్ల మొహంలో చిన్న నవ్వు మెరిసి ఆరిపోయింది. నాకు కావలసింది అదే. "తెర మీద చీటీ చూశాను. 'ఒకటి ఉండనీ' అంటే ఏంటి?"

"అది అత్తగారి గురించి."

"ఎవరి అత్తగారు?"

"మనిషి కాదండీ. కోడ్‌లో తప్పులు పట్టే పనిముట్టు. మేం కోడ్ రాశాక అదంతా చదివి, ఇక్కడ ఈ ముక్క అనవసరం, అక్కడ ఆ పేరు బాగాలేదు అని సూచనలిస్తుంది. ఏం చేసినా వంక పెడుతుందని మామయ్య దానికి అత్తగారని పేరు పెట్టాడు. అత్తగారు నోరు మూసుకునేదాకా ఏదీ రిలీజ్ చెయ్యకూడదని మాలో ఒక అలవాటు. సున్నా సూచనలు రావాలి. రాకపోతే నిద్ర పట్టదు మాకు."

"మరి ఒకటెందుకు ఉండనివ్వాలి?"

"మామయ్య ముఖ్యమైన ఫైల్లో నూట పద్నాలుగో లైను ఉంది. అత్తగారు దాన్ని చూసినప్పుడల్లా 'ఇది ఎందుకూ పనికిరాదు, తీసెయ్' అంటుంది. చూసినవాళ్ళెవరికైనా అలాగే అనిపిస్తుంది. మామయ్య మాత్రం తొమ్మిదేళ్ళుగా తియ్యలేదు. అత్తగారికి అసలు ఫిర్యాదే లేని ఇల్లు ఇల్లే కాదు, ఒకటి ఉండనీ అనేవాడు."

"నిన్నటి రిలీజ్‌లో అత్తగారు ఎన్ని ఫిర్యాదులు చేసిందో చూడాలి."

"కుదరదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముద్దాయి చేత సాక్ష్యాన్ని ముట్టించమంటారా?"

"ఆమె ముట్టుకోదు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితో చెబుతుంది. నీ టెక్నీషియన్ తను తీసిన కాపీ మీద నొక్కుతాడు. దానికి కూడా భయమా?"

భయమా అన్న మాట అతనికి పడదు. నేర్పినదాన్ని కాబట్టి నాకు తెలుసు. టెక్నీషియన్‌కి సైగ చేశాడు. అమ్మాయి చెప్పింది, అతను నొక్కాడు. తెర మీద రెండు లైన్లు వచ్చాయి. చివరన, 'సూచనలు: 0'.

అమ్మాయి ఒక అడుగు ముందుకేసింది.

"నూట పద్నాలుగో లైను లేదు," అంది మెల్లగా. "ఎవరో తీసేశారు. ఇది మామయ్య పంపిన రిలీజ్ కాదు."

"లేదా నువ్వే తీసేసి ఉంటావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అది తీస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే, మామయ్యా నేనూ. నేనెందుకు..."

"ఉండు," అన్నాను. "ఏమవుతుందో తర్వాత. అత్తగారు ఎప్పుడు వంక పెట్టిందో ఎక్కడైనా రాసుకుంటుందా?"

"రాసుకుంటుంది! మామయ్యే ఆ ఏర్పాటు చేశాడు, నవ్వుకోడానికి. ఏడాది చివర లెక్కచూసి అత్తగారు ఎన్ని తిట్లు తిట్టిందో అందరికీ చదివి వినిపించేవాడు. ఎవరూ అడక్కపోయేసరికి నాకు గుర్తే రాలేదు."

టెక్నీషియన్ ఆ చిట్టా తెరిచాడు. తేదీ, టైము, సూచనలు. రిలీజ్ జరిగిన రోజులన్నింటికీ చివర్లో ఒకటి, ఒకటి, ఒకటి. తొమ్మిదేళ్ళ పొడుగునా ఒకటే. అట్టడుగున నిన్నటి తేదీ. రెండు వరసలున్నాయి. ఉదయం పదీ యాభై ఒకటికి, ఒకటి. పదీ యాభై మూడుకి, సున్నా.

టెక్నీషియన్ తెర నా వైపు తిప్పాడు.

"పదీ యాభై మూడుకి ఈ గదిలో ఎవరున్నారు ఇన్‌స్పెక్టర్?" అన్నాను. "నీ వాచ్‌మన్ పుస్తకం ఏమంటోంది?"

"రిలీజ్ వెళ్ళింది పన్నెండూ ఇరవైకి..."

"దానికి చెయ్యక్కర్లేదండీ," అంది అమ్మాయి. "ఇంతసేపు ఆగి పంపు అని కంప్యూటర్‌కి చెప్పి వెళ్ళిపోవచ్చు. మామయ్య ఎప్పుడూ అలా చెయ్యడు. సరిచూడగానే, కుర్చీలోంచి లేవకుండానే పంపేస్తాడు."

"పదీ యాభై మూడుకి ఈ అమ్మాయి ఎక్కడుందో నీ ఫైల్లోనే ఉంది," అన్నాను. "పది నుంచి పన్నెండూ పది దాకా పెద్దాసుపత్రిలో నర్సులకి యంత్రం గురించి చెబుతోంది. ఇరవై సంతకాలు. మాస్టారు చేశారంటావా, మనిషి ఎదురుగా ఉంటే ఆయన తెర వైపే చూడరని ఇస్త్రీ రాసిచ్చాడు. తనూ ముట్టుకోలేదని సంతకం పెట్టి మరీ రాసిచ్చాడు. మరి అత్తగారి దగ్గర కూర్చున్నదెవరు? దెయ్యమా?"

ఇన్‌స్పెక్టర్ నా చేతిలోంచి ఆ కాగితం తీసుకున్నాడు. రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మాస్టారు ఎలా ఉండేవారో చూడు," అన్నాను. "తాగిన కప్పులు మూడూ బల్ల మీదే ఉన్నాయి. ఆ కీబోర్డు మాత్రం బల్ల అంచుకి సమంగా ఉంది. ఇందాక నా ఫైలుని కూడా అతను అలాగే సర్దాడు. మనిషిని చంపి, దొంగ రిలీజ్ సిద్ధం చేసి కూడా, అత్తగారి చివరి ఫిర్యాదుని అలా వదిలేసి వెళ్ళడానికి అతని ప్రాణం ఒప్పలేదు. చెయ్యి అలవాటుగా చేసే పనికి బుర్ర అడ్డుపడదు."

"చంపడం ఎందుకు?" అన్నాడు. మేడమ్ అన్న మాట మాయమైంది. పాత రోజుల్లో ఇరుక్కుపోయినప్పుడల్లా ఇలాగే అడిగేవాడు.

అమ్మాయి అప్పటికే తెర దగ్గరికి వంగి చదువుతోంది. చేతులు వెనక కట్టుకునే ఉన్నాయి పాపం.

"ఇందుకు," అంది. "కొత్త ముక్క ఒకటి పెట్టాడు. ఈ భాషలో బయటి లోకంతో మాట్లాడే ముక్క ఏదైనా ఆ సంగతి తన నుదుటి మీదే రాసుకుని ఉండాలి. రాసుకోకుండా మాట్లాడే దొంగదారి ఒకటుంది. మామయ్య ఒక్కసారి కూడా దాన్ని తొక్కలేదు. ఇది ఆ దారిలోంచి రోగుల వివరాలు బయటికి పంపుతోంది. పైకి మాత్రం ఉత్త కూడికలా కనిపిస్తుంది. రెండు నెలలుగా ఈ మార్పు ఒప్పుకోమని మామయ్య చుట్టూ తిరిగాడు. మామయ్య ఛీ పొమ్మన్నాడు. ఎవరికి పంపుతోందో ఆనవాళ్ళు ఆ యంత్రాల్లోనే ఉంటాయి."

"అమ్మాయిని వదిలెయ్," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. అతను తల ఊపాడు. కానిస్టేబుల్ పక్కకి జరిగింది. నా గుండెల మీద బరువు దిగింది, ఒక్క నిమిషం పాటు. టైము మూడూ ముప్పై ఎనిమిది.

అమ్మాయి మాత్రం కదల్లేదు. తెరనే చూస్తోంది.

"ఇందాక అడిగారు," అంది. "ఆ లైను తీస్తే ఏమవుతుందని."

"చెప్పు."

"ఈ భాషకో గుణం ఉంది. లెక్క చెయ్యమంటే వెంటనే చెయ్యదు. 'తర్వాత చేస్తా' అని చీటీ రాసి పక్కన పెట్టుకుంటుంది. ఎవరైనా జవాబు అడిగినప్పుడే చీటీ తీసి చేస్తుంది."

నాకు మా ఆయన గుర్తొచ్చాడు. కొళాయి బాగుచేయించమంటే ఆయనా ఇలాగే రాసిపెట్టుకుంటాడు.

"మామూలుగా అది మంచిదే. కానీ ఈ యంత్రం, రోగి ఉన్నా లేకున్నా, ప్రతి క్షణం కొత్త లెక్క పుట్టిస్తుంది. పాత మొత్తం మీద కొత్తది కూడాలి. ఆ మొత్తాన్ని ఎవరూ అడగరు, చీటీలు మాత్రం పేరుకుంటూ పోతాయి. చోటు నిండిపోతుంది. నూట పద్నాలుగో లైను చేసే పని ఒక్కటే, చీటీ రాయకు, ఇప్పుడే తేల్చు అని చెప్పడం. జవాబుతో దానికి పనిలేదు కాబట్టి చూసేవాళ్ళకి దండగలా కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళ కిందట ఆ లైను రాయకముందు, మామయ్య ఇదే గదిలో ఒక యంత్రాన్ని బల్ల మీద పెట్టి నడిపించి చూశాడు. ముందు బాగానే నడిచింది. తర్వాత నెమ్మదించింది. ఇరవై ఏడో గంటలో ఆగిపోయింది."

ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు మనవాళ్ళు.

"ఆసుపత్రి యంత్రాలు కొత్త రిలీజ్ ఎప్పుడు తీసుకుంటాయి?" అన్నాను.

"రోజుకొక్కసారి. మధ్యాహ్నం ఒంటిగంటకి."

నిన్న ఒంటిగంట. ఇరవై ఏడు గంటలు. ఇవాళ సాయంత్రం నాలుగు. ఆ అమ్మాయిని జైలుకి పంపుతానని ఇన్‌స్పెక్టర్ పెట్టిన గడువూ అదే, కానీ ఇప్పుడు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఇప్పుడు ఆ లైను మళ్ళీ పెట్టి పంపితే?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రేపు ఒంటిగంటకి గానీ తీసుకోవు. ఒకటే దారి. ఒక్కో యంత్రాన్నీ ఆపి మళ్ళీ పెట్టాలి. చీటీలన్నీ పోతాయి, మళ్ళీ ఇరవై ఏడు గంటలు నడుస్తుంది. అర నిమిషం పని. నర్సులకి ఇప్పుడే చెప్పాలి."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆసుపత్రికి ఫోన్ కలుపుతున్నాడు. రిసెప్షన్ ఎత్తింది. యంత్రాల సంగతి అనగానే, దానికి వేరే ఆయన ఉన్నారండీ, ఆయనకే చెప్పండి అని ఇస్త్రీ నంబరు చదవడం మొదలుపెట్టింది. "నేను పోలీసు మాట్లాడుతున్నానమ్మా!" అని ఇతను అరుస్తున్నాడు. ఆవిడ పెద్ద డాక్టర్ని పిలుస్తానని లైన్లో ఉంచి వెళ్ళిపోయింది.

నేను నా ఫోన్ అమ్మాయి చేతిలో పెట్టాను. "మీ అమ్మకి చెయ్. స్పీకరు పెట్టు."

నాలుగోసారి మోగాక ఎత్తింది.

"అమ్మా, నేనే."

"వదిలేశారా నిన్ను? నాకు తెలుసే, వదిలేస్తారని." గొంతు నీరసంగా ఉంది, కానీ సంతోషం తెలుస్తోంది. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, విను. పక్కన నర్సుందా?"

"ఇందాకటి దాకా ఉంది. ఈ మిషనులో అంకెలు ఎందుకో నిదానంగా మారుతున్నాయే. ఆ నర్సు కంగారుపడి దీని మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. మన ఇస్త్రీ అబ్బాయి నంబరే. పాపం పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇదిగో, పక్కనే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గరి ఫోన్ దించాడు.

"ఏం చేస్తున్నాడమ్మా?"

"లోపల చెత్త పేరుకుందట. మొత్తం తుడిచేసి కొత్తగా పెడతానంటున్నాడు. అరగంట పడుతుందట. నర్సుని బయట ఉండమని తలుపు వేసుకున్నాడు."

అరగంట. అతను తుడిచేది తన ఆనవాళ్ళని. మందు ఆగితే ఆవిడకున్నది అయిదు నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫోన్ వదిలేసి మెట్ల వైపు పరిగెత్తాడు. కింద జీపు ఉంది, ఆసుపత్రికి ఇరవై నిమిషాల దారి.

"అమ్మా! ముట్టుకోవద్దని చెప్పు! నర్సుని పిలువు, గట్టిగా పిలువు..."

"ఎందుకే అంత గాభరా? ఉండు, అబ్బాయికే ఇస్తాను, నువ్వే చెప్పు."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. వెనక యంత్రం కూత క్షణానికోసారి వినిపిస్తోంది. తర్వాత అతని గొంతు, ముందు గదిలో విన్నంత మర్యాదగా.

"నమస్కారమండీ. డిటెక్టివ్ మేడమ్ కూడా వింటున్నారనుకుంటాను. ఏం ఫర్వాలేదు. అంతా శుభ్రం చేసేస్తాను."

అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నాకు నొప్పి తెలియలేదు, ఎందుకంటే ఆ క్షణంలోనే ఫోన్లో యంత్రం కూత ఆగిపోయింది. గడియారం చూశాను. మూడూ నలభై నాలుగు.